షోకేసు సంగతి తర్వాత, ముందు స్క్రూలు విప్పండి

పాత పోర్టబుల్ కంప్యూటర్ కొని, అద్దాల బీరువాలో పెట్టి, పైన చిన్న లైటు వేసి ఫొటో పెట్టే మిత్రులందరికీ ఒకటే ప్రశ్న. కోపం తెచ్చుకోకండి. లోపలి బ్యాటరీ తీశారా?

తియ్యలేదంటే అది ఆ అద్దాల వెనకాలే రోజూ కొంచెం కొంచెం పాడైపోతోంది.

1983లో వచ్చిన టీఆర్‌ఎస్-80 మోడల్ 100 సంగతే చూడండి. జపాన్‌లో క్యోసెరా తయారుచేస్తే అమెరికాలో రేడియో షాక్ అమ్మింది. కిలోన్నర లోపు బరువు, వరసకి 40 అక్షరాల చొప్పున 8 వరసల తెర. విలేకరులు ఎక్కడికక్కడే కూర్చుని వార్త కొట్టేసి, ఫోన్ లైన్లో ఆఫీసుకి పంపేసేవారు. నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. ఆ సెల్స్ కనబడతాయి కాబట్టి అందరూ తీసేస్తారు. కనబడనిది ఇంకోటుంది. సెల్స్ మార్చేటప్పుడు మెమరీ చెరిగిపోకుండా బోర్డుకే సోల్డర్ చేసిన చిన్న నికెల్ కాడ్మియం బ్యాటరీ. ఇన్నేళ్ళకి అది కారకుండా ఉండదు. కారిన రసం రాగి గీతల వెంబడి పాకి, పచ్చగా చిలుము పట్టిస్తుంది.

బాగుచెయ్యడం బ్రహ్మవిద్యేం కాదు. ముందు ఆ బ్యాటరీని ఊడబీకాలి. కారింది క్షారం కాబట్టి తెల్ల వెనిగర్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో రుద్దితే చిలుము కరుగుతుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, మల్టీమీటర్ పెట్టి ఒక్కో గీతా చూసుకోవాలి. బీప్ రాలేదా, అక్కడ గీత తెగినట్టే. సన్నటి తీగతో కలపాలి. నా కళ్ళకి ఆ ఆఖరి పని ఆనడం లేదు, మా వీధి మొబైల్ రిపేరు కుర్రాడికి ఇస్తాను. బోర్డు చూసి వాడు ఒకటే నవ్వు. "ఇదేటండీ గురువుగారూ, ఇంతింత చిప్పులా! మైక్రోస్కోపు కూడా అక్కర్లేదు" అన్నాడు. ఇలాంటివాళ్ళు ఊళ్ళో ఉండగా "రిపేరు చేసేవాళ్ళు లేరండీ" అంటే నేనొప్పుకోను.

పైగా మనది వైజాగ్. బీచ్ రోడ్డు వైపు బాల్కనీ గ్రిల్‌కి ఎన్ని కోటింగులు వేసినా తుప్పు ఆగదు. ఇనప ఊచ గతే అదైతే, వెంట్రుకంత రాగి గీత గతేంటి? బీరువా తలుపు బిగించినంత మాత్రాన లోపలి తేమ ఎక్కడికీ పోదు, దానికి తోడు ఆ లైటు వేడి. పాత ఎల్‌సీడీ తెర మీద, అక్షరాలు కనబడేలా చేసే పోలరైజర్ పొర వేడికీ తేమకీ చెడిపోయి, వెనిగర్ కంపు కొడుతూ ఊడొస్తుంది. సిలికా జెల్ పొట్లాలు పడెయ్యండి, రంగు మారగానే మార్చండి. లైటు ఆపెయ్యండి.

నా అసలు కడుపుమంట మాత్రం ఆన్‌లైన్లో అమ్మేవాళ్ళ మీద. "పవర్ వస్తోంది సార్, ఇప్పుడే పెట్టి చూశాం" అంటారు. ఎందుకు చూశావయ్యా? చాలా అమెరికా మోడళ్ళు 110 వోల్టులవి, మన 230లో నేరుగా పెడితే అక్కడికక్కడే సరి. వోల్టేజి కుదిరినా, ఆ కాలం పవర్ సప్లైల్లో చాలావాటిలో పేపర్ కెపాసిటర్లుంటాయి, అంటే కాగితం పొరలతో చేసిన, కరెంటుని కాసేపు నిలవుంచే చిన్న భాగాలు. పైతొడుగు పగిలి ఏళ్ళ తరబడి తేమ పీల్చుకుని ఉంటాయి, కరెంటు తగలగానే ఇల్లంతా పొగ. వాటిని మార్చకుండా ప్లగ్ పెట్టడం పరీక్ష ఎలా అవుతుంది?

ఒకటి గుర్తుంచుకోండి. తిరువణ్ణామలైలో పెరిగిన ఆడమ్ ఆస్‌బోర్న్ 1981లో ఆస్‌బోర్న్ 1 అనే పోర్టబుల్ కంప్యూటర్ తెచ్చాడు. 5 అంగుళాల తెర, దాదాపు 11 కిలోలు, 1,795 డాలర్లు. ఆ బరువుకి అందరూ నవ్వినా, చేత్తో పట్టుకుని తిరగండనే అమ్మాడు. జనం కొన్నారు, మోశారు, వాడారు. అలాంటిదాన్ని ముట్టుకోనివ్వకుండా దాచడం నాకైతే మింగుడుపడదు. ప్లాస్టిక్ పసుపెక్కిందని పెరాక్సైడ్ పూసి ఎండబెట్టేవాళ్ళదీ అదే వరస. లోపల చిలుము, పైన తెలుపు!

గాజువాకలోనో, ఎంవీపీలోనో మీ అటక మీద ఇలాంటిదేదైనా ఉంటే దయచేసి స్విచ్ వెయ్యకండి. ఓ మెసేజ్ పెట్టండి, స్క్రూడ్రైవర్ పట్టుకుని నేనే వస్తాను. టీ ఇస్తే చాలు.