అల్లుడుగారికి ఓటీపీ చెప్పరట!

సంక్రాంతికి కొత్తల్లుడు వస్తే వంద రకాలకు ఒక్కటి తగ్గినా తలవంపులుగా భావించే నేల మనది. భీమవరం నుంచి అమలాపురం దాకా ఎవరినైనా అడగండి. అలాంటి చోట, ఫోన్లోంచి దిగే సైబర్ దొంగల్లుడికి ఓటీపీ చెప్పని, అడిగిన మనిషికి ఆధార్ నంబరు కూడా పూర్తిగా చెప్పని జనం తయారయ్యారంటే గోదారి మర్యాద ఏ గట్టుకు కొట్టుకుపోతోందో ఆలోచించాలండి.

మన ఉదారత చూడాలంటే రిజిస్ట్రారాఫీసు ఎదురుగా ఉండే జెరాక్స్ షాపుకి వెళ్లాలి. ఫైలు పంపాల్సిన వాట్సాప్ నంబరు అట్టముక్క మీద రాసి ఉంటుంది. ఆధార్ పీడీఎఫ్ పంపుతాం. దానికో పాస్‌వర్డ్: ఇంగ్లిష్ పేరులో మొదటి నాలుగు పెద్దక్షరాలు, వెనకే పుట్టిన సంవత్సరం. షాపు కుర్రాడు అవస్థ పడకుండా అదీ కింద టైపు చేస్తాం. కాగితాలు తీసుకుని వచ్చేస్తాం. ఫైలు మాత్రం ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో, కిందటేడాది వచ్చినవాళ్ల పాన్ కార్డుల పక్కన, నిక్షేపంగా ఉంటుంది. డిలీట్ చేయమనడానికి మొహమాటం. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయమనడం మరీ మొహమాటం.

ఈ కొత్తరకం పిసినారులు ఏం చేస్తారంటే, మైఆధార్ సైటులోకి ఓటీపీతో వెళ్లి, డౌన్‌లోడ్ చేసేటప్పుడు ‘మాస్క్‌డ్ ఆధార్’ గడిలో టిక్కు పెడతారు. 12 అంకెల్లో మొదటి ఎనిమిది మాయమై చివరి నాలుగే మిగులుతాయి. నంబరు లేకపోతే కుదరదన్న చోట ఇంకో ఎత్తు. ఆధార్‌తో రిజిస్టరైన ఫోన్ నుంచి ఇంగ్లిష్‌లో ‘జీవీఐడీ’ అని కొట్టి, ఖాళీ వదిలి, ఆధార్ చివరి నాలుగంకెలు వేసి ఆధార్ వాళ్ల నంబరు 1947కు మెసేజ్ పెడితే, అసలు నంబరుకు బదులు వాడుకునే 16 అంకెల వర్చువల్ ఐడీ వస్తుంది. కావలిస్తే రేపు మార్చేసుకోవచ్చు. బియ్యం అడిగినవాడికి ఊక కొలిచి పంపడం కాదూ ఇది?

వేలిముద్రలకు తాళం వేయడం మాత్రం శుద్ధ దుర్మార్గం. ఆధార్‌తో డబ్బు తీయడానికి బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర చాలు. కార్డు అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, ఓటీపీ రాదు. దస్తావేజుల మీద పడిన ముద్రల్ని సిలికాన్ మీదకు దించి పొట్టపోసుకునే కళాకారులు ఈ దేశంలో ఉన్నారు. వీళ్లేమో ఆధార్ యాప్ తెరిచి, బయోమెట్రిక్స్ లాక్ చేసి, వాళ్ల నోటికాడి ముద్ద లాగేస్తారు. ఆ పాపం ఊరికే పోదు లెండి. తాళం వేసిన సంగతి మరిచి రేషన్ షాపులో వేలు పెడతారు. యంత్రం ఒప్పుకోదు. రొయ్యలు వలిచి వలిచి ముద్రలు అరిగాయేమోనని చీరచెంగుకు తుడిచి మళ్లీ మళ్లీ నొక్కుతారు. ఎర్రర్ కోడ్ 330 అని వస్తే అరిగింది వేలు కాదు, పడింది తాళం అని అర్థం. యాప్‌లో తాత్కాలికంగా అన్‌లాక్ చేసుకుంటే పని జరుగుతుంది. కానీ ఇది చెబితే వాళ్లను ప్రోత్సహించినట్టవుతుంది.

ఇక శుభలేఖలు. ముక్కూమొహం తెలియనివాళ్లు పిలిచినా అక్షింతలు వేసి రావడం మన ధర్మం. వాట్సాప్‌లో వచ్చిన శుభలేఖ చివర ‘ఏపీకే’ అని ఉంటే మాత్రమేం, తెరవొద్దూ? “శుభలేఖ ఫొటోగా వస్తుంది, పీడీఎఫ్‌గా వస్తుంది, ఏపీకే అంటే యాప్ కదా, మెసేజ్‌లు చదివే పర్మిషన్ పెళ్లికొడుక్కెందుకు?” అని ఆరాలు తీస్తారండి! ఆ పర్మిషన్ ఇస్తేనే కదా బ్యాంకు ఓటీపీలు అల్లుడుగారు మనల్ని లేపకుండా తనే చదువుకునేది. పైగా సెట్టింగ్స్‌లోకి వెళ్లి, తెలియని యాప్స్ ఇన్‌స్టాల్ చేసే అనుమతిని వాట్సాప్‌కు తీసేస్తున్నారు.

వీళ్లకింత ధైర్యం ఢిల్లీ నుంచి వచ్చింది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కన్నారు. 2023లో డేటా రక్షణ చట్టం తెచ్చి, భద్రత చూడని సంస్థకు 250 కోట్ల దాకా జరిమానా అన్నారు. అక్కడివాళ్లకు అల్లుళ్లు లేరు కాబోలు.

ఒకవేళ డబ్బు పోయినా వీళ్లు ఊరుకోరు. తెల్లారేదాకా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొడతారు. సొమ్ము ఒక ఖాతా నుంచి పది ఖాతాలకు పాకేలోగా, దొరికినంత వరకు బ్యాంకుల చేత ఆపించేస్తారు. అల్లుడు పెరుగన్నంలోకి రాకముందే విస్తరి లాగేయడం!

దీని మీద ఊరంతా కలిసి తీర్మానం చేయాలి. సంతకాలు పెట్టినవాళ్ల ఆధార్లు, పాస్‌బుక్ మొదటి పేజీలు జతచేసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. చదువుకోవడానికి వీలుగా పాస్‌వర్డులు కింద రాయడం మరిచిపోకండి, ఆయ్.