గండికోటను గోవా చేస్తారంట!

కడప జిల్లా గండికోట రీల్ ఏది కనిపించినా కింద ఒక కామెంట్ ఖాయం. "కరెక్ట్‌గా డెవలప్ చేస్తే మన సీమకు ఇంకో గోవా అవుతుంది బ్రో." దాని కింద చప్పట్ల ఎమోజీలు. టీ అంగడి దగ్గర మాటలు గండికోట మీదికి మళ్లినా ఇదే పాట. అదేదో దీవెన అయినట్టు. నాకు మాత్రం ఆ మాట చదివిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. గోవా అంటే పడక కాదు. గోవా ఎట్లా గోవా అయింది, ఆ క్రమంలో ఎవరి ఇల్లు నిలబడింది, ఎవరి ఊరు చేజారింది అని ఒక్కరూ అడగకుండా లైకులు కొడుతున్నారే అని.

మాది గుంతకల్లు. మాకు గోవా దూరదేశమేమీ కాదు. మీటర్ గేజి కాలం నుంచీ బళ్లారి, హొస్పేట, హుబ్లీ, లోండా మీదుగా దూధ్‌సాగర్ జలపాతం పక్కన దిగి వాస్కోకు పోయే దారి మా జంక్షన్ నుంచే. ఇప్పుడు అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది. 2024 అక్టోబరు నుంచి సికింద్రాబాద్–వాస్కో రైలు కర్నూలు, డోన్, గుంతకల్లు మీదుగానే పోతోంది. రైల్వే పాసులున్న ఇళ్లలో ఎండాకాలం సెలవులకు తిరుపతి కాకపోతే గోవా. మా పెదనాన్న రైల్వేలో చేసి రిటైరైనాడు. 1970ల చివర్లో తాను చూసిన గోవా కలంగూట్ బీచి గురించి ఇప్పటికీ చెప్తాడు. ఇసుక వెనకాల కొబ్బరితోపు, తోపు వెనకాల వరిమడి, నడుమ బెస్తవాళ్ల ఇండ్లు. లాడ్జి దొరక్క ఒక ఇంట్లో రూము అడిగితే వాళ్లు ముందుగదిలో మంచమేసి, పొద్దున చేపల పులుసు, అన్నం పెట్టినారంట. ఇప్పుడు అదే కలంగూట్ ఫొటో చూపిస్తే "ఇది మన సుల్తాన్ బజారు కాదూ?" అంటాడు.

పాతకాలం అంతా బంగారం అని చెప్పడానికి ఇది రాయడం లేదు. 1961 డిసెంబరులో పోర్చుగీసువాళ్లు పోయేనాటికి ఆ తీరంలో బీదరికం బాగానే ఉండేది. 1960ల చివర్లో హిప్పీలు కలంగూట్, బాగా, అంజునా బీచిల వైపు వచ్చినప్పుడు వాళ్లను చూసి జనం ముక్కున వేలేసుకున్నారు, గుడ్డల్లేకుండా తిరుగుతారని, గంజాయి తాగుతారని. అదే సమయంలో గదులు అద్దెకూ ఇచ్చారు. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ తొలి దఫా డబ్బు, ఎంత తక్కువైనా, నేరుగా ఊరివాళ్ల చేతికొచ్చింది. గది వాళ్లది, గుడ్డు వాళ్లది, చేప వాళ్లది, అద్దె బండి వాళ్లది. వచ్చినవాడు నెలల తరబడి ఉంటాడు కాబట్టి నలుగురికీ ముఖపరిచయం కూడా.

అయితే ఊరివాళ్ల కాళ్ల కింద ఇసుక కదలడం కూడా అప్పుడే మొదలైంది, అదీ టూరిస్టుల వల్ల కాదు. ఒడ్డు నుంచి పదుల మంది కలిసి లాగే పెద్ద వలను అక్కడ రంపోణ్ అంటారు, మన కోస్తాలో అలివి వల లాంటిది. 1960లు, 70లలో మోటారు ట్రాలర్లు ఒడ్డు దాకా వచ్చి చేపనంతా ఊడ్చుకుపోతుంటే ఆ రంపోణ్‌కార్లు రోడ్డెక్కి ఏళ్ల తరబడి కొట్లాడినారు. 1980లో గోవాకు సముద్ర చేపల వేటను నియంత్రించే చట్టం వచ్చింది. చట్టం వచ్చింది గానీ చేప రాలేదు. సముద్రం మీద బతుకు సన్నబడినవాడికి ఒడ్డున ఉన్న స్థలాన్ని హోటలుకు అమ్మడం, లేదంటే దాంట్లో రూములు కట్టడం తప్ప దారి ఏముంది? టూరిజం గోవాను మార్చింది అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లు ఈ భాగాన్ని వదిలేస్తారు. ముందు వాళ్ల పాత పని పోయింది. తర్వాతే కొత్త పని "అవకాశం" అయింది.

1974లో అగ్వాడ కోట దగ్గర పెద్ద స్టార్ హోటల్ లేచింది. 1983లో కామన్‌వెల్త్ దేశాధినేతలు విశ్రాంతికి అక్కడికే వచ్చారు. ఆ తర్వాత గోవా ఊరివాళ్ల చేతి నుంచి మెల్లగా బ్రోచర్లలోకి పోయింది. 1980ల రెండో సగంలో చార్టర్ విమానాలు మొదలైనాయి. చార్టర్ అంటే ఏంటంటే, యూరప్‌లో ఏదో ఊళ్లో కూర్చున్నవాడు విమానం టికెట్టు, హోటలు, తిండి అన్నీ కలిపి అక్కడే కట్టేస్తాడు. గోవాకొచ్చి చేతిలోంచి తీసేది బీరుకు, టాక్సీకి మాత్రమే. మొత్తం ప్యాకేజీలో ఊరికి మిగిలేది చిల్లర. హోటళ్ల తోటలకూ ఈతకొలనులకూ మాత్రం నీళ్లు ఊరివే. బోర్లు దిగినాయి, బావులు ఎండినాయి, ట్యాంకర్ల వ్యాపారం పుట్టింది. ఇది మన జిల్లావాళ్లకు నేను విడమరిచి చెప్పాలా? బోరు ఎండితే ఏమవుతుందో అనంతపురం వాడికంటే బాగా ఎవడికి తెలుసు!

అప్పుడే కొందరు గోవా వాళ్లు జాగృత్ గోయెంకారాంచి ఫౌజ్ అని ఒక సంఘం పెట్టి, విదేశీ టూరిస్టుల ముందే నిరసనకు దిగినారు. మీ సెలవుల ఖర్చు ఎవరి మీద పడుతోందో తెలుసా అని వాళ్ల మొహానే అడిగినారు. పిచ్చోళ్లు, అన్నం పెట్టే చేతినే కొరుకుతున్నారు అని పేపర్లలో తిట్టినవాళ్లూ ఉన్నారు. 1991లో సముద్రం పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా కట్టడాల మీద కట్టుబాట్లు పెడుతూ తీరప్రాంత నోటిఫికేషన్ వచ్చింది. తర్వాత సవరణల మీద సవరణలు. 2019 నాటికి జనసాంద్రత ఎక్కువున్న పల్లెల్లో కట్టడాలు కూడదన్న మేర 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు కుదించారు.

ఇక మన వంతు. నాకు అసలు చిరాకు ఇక్కడే.

2019లో గోవాకు వచ్చినవాళ్లు 80 లక్షలు దాటినారని, 2024లో కోటి దాటిందని ప్రభుత్వ లెక్క. వీళ్లలో అత్యధికులు మనదేశం వాళ్లే. విదేశీయులు 2019లో తొమ్మిది లక్షల పైచిలుకు, 2024లో ఐదు లక్షలు కూడా లేరు. ఆ రాష్ట్రం జనాభా 2011 లెక్కల్లో పద్నాలుగున్నర లక్షలు. విస్తీర్ణం 3,702 చదరపు కిలోమీటర్లు, అంటే పాత అనంతపురం జిల్లాలో ఐదో వంతు కూడా లేదు. రాయదుర్గం, కళ్యాణదుర్గం, గుంతకల్లు, ఉరవకొండ వైపంతా కలిపి కోటి మంది వచ్చి, తాగి, తిని, చెత్త పడేసి పోతే ఎట్లుంటుందో ఊహించుకోండి. అందులో మన తెలుగు బ్యాచులు తక్కువేం కాదు. పెళ్లికి ముందు బ్యాచిలర్ పార్టీ గోవాలో, అప్పు చేసి అయినా మాండవి నది మీద కాసినో పడవలో ఒక రాత్రి, బీచిలో సీసాలు పగలగొట్టడం, అడగకుండా ఆడవాళ్ల ఫొటోలు తీయడం, ఆపైన "గోవాలో అన్నీ నడుస్తాయ్ మామా" అనే స్టేటస్. నడవవు మామా. నడుస్తాయని అనుకున్నది నువ్వు. బీచిలో తాగేవాళ్లకు, వంట చేసేవాళ్లకు 2 వేలు, గుంపుగా చేస్తే 10 వేలు జరిమానా అని 2019లో చట్టాన్నే సవరించాల్సి వచ్చిందంటే ఆ ఊరికి మనం ఏ మాత్రం మర్యాద మిగిల్చినామో చూడండి.

తిరిగొచ్చాక మళ్లీ పోస్టులు. గోవా చెత్తగా తయారైంది, టాక్సీవాళ్లు దోచేస్తున్నారు, దీనికంటే థాయ్‌లాండ్ నయం. టాక్సీవాళ్ల జులుం నిజమే. యాప్ బండ్లను రానీయకుండా అడ్డుపడతారు, దగ్గరి దూరానికీ నోటికొచ్చిన రేటు చెప్తారు. దాన్ని నేను వెనకేసుకురాను. కానీ ఆ డ్రైవరు వయసు నలభై అయితే, వాళ్ల తాత వల లాగి ఉంటాడు, లేదా కల్లు గీసి ఉంటాడు. తండ్రి రూములు అద్దెకిచ్చి ఉంటాడు. స్థలం అమ్ముడుపోయి, హోటలు వేరేవాళ్లదై, చివరికి ఆ ఇంటికి మిగిలింది ఒక బండి, ఒక పర్మిట్. అది కూడా యాప్‌లో కలిపేస్తే ఏం చేయాలని అతని భయం. మన ఆటోవాళ్లు రైల్వేస్టేషన్ ముందు చేసేదీ అదే కదప్పా!

బీచిలో షాక్‌లు అనే తడికెల హోటళ్ల సంగతి ఇంకా తమాషా. వాన కాలంలో విప్పేసి, సీజనుకు మళ్లీ కట్టుకునే వాటి లైసెన్సు గోవా వాళ్లకే ఇస్తారు. కాగితం మీద బ్రహ్మాండం. కానీ లైసెన్సుదారు దాన్ని బయటివాడికి మారు బాడుగకిచ్చి ఇంట్లో కూర్చోవడం ఎంత మామూలైపోయిందంటే, 2023 పాలసీలో దాని మీద ప్రత్యేకంగా నిషేధం పెట్టాల్సి వచ్చింది. పేరు ఊరివాడిది, గల్లా పెట్టె బయటివాడిది.

ఈ పదేళ్లలో అక్కడి మాట బీచి గురించి కూడా కాదు, భూమి గురించి. ఢిల్లీ, ముంబై డబ్బు పాత పెంకుటిళ్లను, వరిమళ్లను విల్లాలుగా మారుస్తోంది. పొలాన్ని ఇళ్ల స్థలంగా మార్చుకునే వీలిస్తూ 2023, 2024లలో చేసిన సవరణల మీద గోవా అంతా గొడవ, కోర్టు కేసులు. ఇంకోపక్క 1961 డిసెంబరు 19కి ముందు గోవాలో పుట్టినవాళ్లకు, వాళ్ల పిల్లలకు, మనవళ్లకు పోర్చుగల్ పౌరసత్వం తీసుకునే వీలుంది. దాంతో చదువుకున్న కుర్రాళ్లు ఆ పాస్‌పోర్టుతో లండన్ దారి పట్టినారు. ఇంట్లో ముసలివాళ్లు, బయట గేటుకు తాళం. వాళ్ల ఊళ్లో వంట చేసేవాడు, గిన్నెలు కడిగేవాడు జార్ఖండ్, అస్సాం, నేపాల్ నుంచి వచ్చిన పిల్లోడు. 2025 డిసెంబరులో అర్పోరాలో నైట్‌క్లబ్బు తగలబడి 25 మంది చనిపోతే, వాళ్లలో ఎక్కువమంది టూరిస్టులు కాదు, ఆ వంటింటి పిల్లలే. ఆ వార్త కింద కూడా మనవాళ్ల ప్రశ్న ఒకటే: న్యూ ఇయర్ బుకింగులు క్యాన్సిల్ అవుతాయా అని.

ఒక్క విషయంలో గోవా వాళ్లకు దండం పెట్టాలి. కొట్లాడతారు. 2006లో నోటిఫై చేసిన ప్రాంతీయ ప్రణాళిక పచ్చని భూముల్ని కట్టడాలకు వదిలేస్తోందని వీధుల్లోకి వచ్చి, 2007 జనవరికల్లా దాన్ని వెనక్కి తీయించినారు. అక్కడ గ్రామసభలో ఊరివాళ్లు మ్యాపు పట్టుకుని సర్వే నంబరు నంబరుకీ ప్రశ్న వేస్తారు. మన దగ్గర గ్రామసభ ఎప్పుడు జరిగిందో వార్డు మెంబరుకే తెలియదు.

ఇప్పుడు గండికోటకు రండి. ఎర్రమల కొండలను పెన్న చీల్చుకుపోయిన చోటు, పెమ్మసాని నాయకుల కోట, లోపల మాధవరాయ గుడి, రంగనాథ గుడి, జామియా మసీదు, ధాన్యాగారం. కోటలోనే ఒక పల్లె ఉంది, అందులో మనుషులున్నారు. రీల్స్‌లో వాళ్లు కనపడరు, డ్రోను ఎత్తుకు మనుషులు ఆనరు. 2023లో పేరున్న స్టార్ హోటలుకు శంకుస్థాపన అయింది. 2024లో కేంద్రం 77.91 కోట్లు మంజూరు చేసింది. లోయ అంచున టెంట్లు వరసగా లేచినాయి. శని, ఆదివారాల్లో బెంగళూరు బండ్లు, తెల్లారి బండల సందుల్లో ప్లాస్టిక్ గ్లాసులు. మరోవైపు 26.85 టీఎంసీల గండికోట రిజర్వాయరు కోసం తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊర్లు ఇల్లూ వాకిలీ వదిలేసినాయి. ఆ నీళ్ల పక్కన రేపు "లేక్ వ్యూ" అని రూము రేటు పెంచుతారు. ఆ రేటులో తాళ్లప్రొద్దుటూరు వాటా ఎంత?

అభివృద్ధి వద్దా అని కొట్టడానికి వస్తారని తెలుసు. రావాలి. జమ్మలమడుగు పిల్లోడికి బెంగళూరులో సెక్యూరిటీ గార్డు ఉద్యోగం కంటే ఇంటి దగ్గర గైడు పని నయం, సందేహం లేదు. నేను చెప్పేది వరస గురించి. స్టార్ హోటలుకు ముందు కోటలోని ఇళ్లకు రెండేసి గదులు కట్టుకునే అప్పు ఇవ్వండి, మరుగుదొడ్లతో సహా. టెంటు పర్మిషన్లు ఊరివాళ్లకివ్వండి, మారు బాడుగకు పోకుండా ఏటా తనిఖీ చేయండి. సంగటి, రొట్టెల అంగళ్లకు చోటు ముందే గీసి పెట్టండి, తర్వాత "ఆక్రమణ" అని పీకేయకుండా. హోటలు నీళ్లెక్కడివి, మురుగెక్కడికి పోతుంది అన్నది గ్రామసభలో తెలుగులో చదివి వినిపించండి. ఒకే రకం జనం రాక మీద ఊరంతా ఆధారపడకుండా చూడండి. పుట్టపర్తిలో 2011లో సాయిబాబా పోయాక లాడ్జీలు, అంగళ్లు ఎట్లా వెలవెలబోయినాయో మనం కళ్లారా చూసినవాళ్లం.

ఇవి అడగడానికి గండికోటలో ఇంకా టైముంది. కలంగూట్‌లో ఆ టైము ఎప్పుడో దాటిపోయింది.

ఈ వారాంతం ఎవరైనా పోతుంటే ఒక పని చేయండి. టెంటు బుక్ చేసుకున్నాక ఓనరుది ఏ ఊరని అడగండి. తాగే నీళ్ల ట్యాంకరు ఎక్కణ్నుంచి వస్తుందో, చెత్త ఎక్కడ పారేస్తారో అడగండి. వచ్చాక సూర్యాస్తమయం ఫొటోతో పాటు ఆ జవాబులు కూడా పెట్టండి.