దాయాదుల ద్రోహం అంటే నాకు మాగ్నస్ గుర్తొస్తాడు

వైకింగులు, అంటే పాతకాలపు ఉత్తర యూరప్ సముద్ర యోధులు, అయినవాళ్ల కోసం ప్రాణాలిచ్చేవాళ్లని ఒక వ్యాసంలో రాశారు, కాదనను. కానీ వాళ్ల కత్తికి సొంత దాయాదులు కూడా బలయ్యారు, అది వదిలేస్తే ఎలా అండీ? స్కాట్లండ్‌కి ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ దీవుల్లో మాగ్నస్, హాకోన్ అనే వైకింగ్ వంశపు పాలకులు అన్నదమ్ముల బిడ్డలు, కలిసి ఏలారు. గొడవలు ముదిరాక, 1117 ప్రాంతంలో, ఎగిల్సే అనే చిన్న దీవిలో రాజీకి కలుద్దామనీ, చెరో రెండు ఓడల్లో మాత్రమే రావాలనీ మాట అనుకున్నారు. మాగ్నస్ రెండే తెచ్చాడు. హాకోన్ ఎనిమిదింటితో దిగాడు! మాగ్నస్‌ని చంపమంటే హాకోన్ జెండా మోసేవాడు ససేమిరా అన్నాడు, చివరికి ఆ పని వంటవాడి నెత్తిన పడింది. వాడు భోరున ఏడుస్తుంటే మాగ్నస్సే ధైర్యం చెప్పి, దొంగని నరికినట్టు మెడ నరకొద్దు, ఎదురుగా నిలబడి తల మీద కొట్టు అన్నాడని సాగా, అంటే ఆ పాలకుల పాత వీరగాథ, చెబుతుంది. 1919లో ఆర్క్‌నీలోని కిర్క్‌వాల్ ఊరి కేథడ్రల్ (పెద్ద చర్చి) స్తంభంలో ఎముకలు దొరికాయి, పుర్రె మీద పెద్ద దెబ్బ ఉంది, మాగ్నస్‌దేనని నమ్ముతారు.

నన్ను కలచివేసేది మాత్రం మాగ్నస్ తల్లి థోరా. రాజీ కుదిరితే ఇద్దరికీ విందు పెడదామని ముందే పిలిచి ఉంచింది, హాకోన్ ఒక్కడే వచ్చాడు. ఆవిడ అతనికే వడ్డించి, ఇక నువ్వే నాకు కొడుకువి, నా బిడ్డని చర్చిలో పూడ్చుకోనివ్వు అని అడిగింది. హాకోన్ కళ్లనీళ్లు పెట్టుకుని సరే అన్నాడు.