బాడుగ ఇంట్లో చావుకు చోటు లేదా?

వీధి మలుపులో ఒక షామియానా. దాని కింద ఫ్రీజరు పెట్టె. పక్కింటివారు జాలిపడి ఇచ్చిన కరెంటు, గోడ మీదుగా లాగిన తీగ. మోటారు సైకిళ్లు వేగం తగ్గించి, కాస్త ఒరిగి, దాటుకుని పోతుంటాయి. పోయినాయన ఏళ్ల తరబడి బాడుగ కట్టిన పోర్షన్ అక్కడికి ఇరవై అడుగుల దూరంలోనే ఉంది. ఆయన చెప్పులు ఇంకా మెట్టు పక్కనే ఉన్నాయి. ఆయన మాత్రం ఆస్పత్రి నుంచి తిరిగి ఆ మెట్టు ఎక్కకూడదు. ‘ఇంట్లోకి తేవద్దమ్మా, ఏమీ అనుకోవద్దు’ అని యజమాని ఫోనులో చెప్పేశారు.

ఇది ఫలానా ఇంటి ముందు జరిగిందని వేలు చూపడం మా ఉద్దేశం కాదు. కర్నూలులో ఏ పేటవారిని అడిగినా ఇలాంటిది ఎప్పుడో ఒకప్పుడు చూశామనే చెబుతారు. కొన్ని కుటుంబాలు ఆ రోడ్డు మీద ఉంచే అవమానం కూడా వద్దనుకుని, ఆస్పత్రి నుంచి నేరుగా శ్మశానానికో, బస్సుకు నాలుగు గంటల దూరంలోని సొంత ఊరికో తీసుకుపోతాయి. ఇరుగుపొరుగుకు చివరి చూపు కూడా దక్కదు.

ఆ మాట అన్న యజమాని కఠినాత్ముడేమీ కాకపోవచ్చు. జబ్బు చేసినప్పుడు ఆటో మాట్లాడి ఆస్పత్రికి పంపింది కూడా ఆయనే కావచ్చు. ఆయన భయం వేరు. ధనిష్ఠా పంచకంలో, అంటే ధనిష్ఠ మొదలు రేవతి దాకా ఐదు నక్షత్రాల కాలంలో, ప్రాణం పోతే ఇంటికి తాళం వేసి నెలల తరబడి పాడుపెట్టాలన్న నమ్మకం మన వైపు బలంగా ఉంది. మంచి నక్షత్రంలో పోయినా, ఆ పోర్షన్‌కు మళ్లీ ఎవరూ రారేమోనన్న దిగులు. నమ్మకం యజమానిది, కానీ దాని ఖర్చు పడేది మాత్రం బాడుగవారి మీద. అదే యజమాని ఇంట్లో పెద్దాయన కన్నుమూస్తే హాల్లోనే చాప పరుస్తారు. దోషముందని పురోహితుడు చెబితే శాంతి చేయిస్తారు. సొంతవారి విషయంలో శాంతితో పోయే దోషం, నెలనెలా ఐదో తేదీ దాటకుండా డబ్బు చేతిలో పెట్టినవారి విషయంలో పోదెందుకు?

శ్మశానాల పక్కన నగరపాలక సంస్థ ఒక హాలు, నాలుగు గదులు, ఫ్రీజరు, నీటి కుళాయి ఏర్పాటు చేస్తే మేలే. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో షామియానా నీడ ఏ పాటిది? చేయమనే మేమూ కోరుతున్నాం. అయితే అలాంటి హాలు వచ్చాక ‘అక్కడికి తీసుకుపోండి’ అనడం యజమానులకు మరింత సులువవుతుందన్న అనుమానం మాకు లేకపోలేదు.

ఇంతకీ బాడుగ అంటే ఏమిటి? నెలకు ఇంత అని పుచ్చుకున్నాక, ఆ నాలుగు గోడల మధ్య సంసారం మొత్తం సాగుతుందని ఒప్పుకున్నట్టే. పిల్లల చదువులు, చుట్టాల రాకలు, పురుళ్లు, పండగలు అందులో ఉన్నప్పుడు చావు కూడా ఉంటుంది. పట్టా యజమాని పేరునే ఉంటుంది, దాన్ని ఎవరూ కాదనరు. ఆ నెల ఇల్లు మాత్రం బాడుగవారిదే.

ఈ సంగతి కర్నూలుకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి ఈ ఊరు రాజధాని అయినప్పుడు ఆఫీసులకే కప్పు లేక గుడారాలు వేశారు. ఉద్యోగులు పెట్టెలు, పరుపుచుట్టలతో దిగారు. ఆనాటి వసతుల పేర్లే ఇప్పటికీ ఏ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అని మన నోట నానుతున్నాయి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయినా క్యాంపుల పేర్లు పోలేదు. ఆ తర్వాత వైద్య కళాశాల విద్యార్థులు, ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి పిల్లల చదువు కోసం వచ్చినవారు, పెద్దాస్పత్రి చుట్టూ తిరిగే రోగుల బంధువులు వచ్చారు. పరాయి మిద్దె కింద తలదాచుకున్నవారితోనే ఈ ఊరు ఇంత పెరిగింది. ఇప్పుడు గేటుకు బోర్డు కట్టే యజమానుల్లో చాలామంది తండ్రులు ఒకప్పుడు బాడుగ ఇల్లు వెతుక్కున్నవారే.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడినప్పుడు కింది పోర్షన్లవారు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మిద్దెలెక్కారు. ఆ రాత్రి మెట్ల దగ్గర నిలబడి ఇంటిపేరు అడిగిన యజమాని ఉన్నట్టు మేము వినలేదు.

నీళ్లు దిగాక ఆ ప్రశ్న మళ్లీ గేటు దగ్గరికి వచ్చింది. బాడుగ ఎంత, నీళ్లు ఎప్పుడొస్తాయి అన్న మాటలు అయ్యాక, పేరు అడుగుతారు. పేరుతో తేలకపోతే ఇంటిపేరు. దానితోనూ తేలకపోతే ‘మాంసం వండుతారా?’ పాపం, కొందరికి మొదటి ప్రశ్నకే తేలిపోతుంది. ‘అరెరె, ఇప్పుడే ఒకరు మాట్లాడుకుని వెళ్లారే’ అంటారు. ఆ వెళ్లినవారు ఎవరో గానీ, టులెట్ బోర్డు మాత్రం మరుసటి వారం కూడా అక్కడే వేలాడుతుంది. ముఖం మీద కాదనలేక అబద్ధమాడడాన్ని మర్యాద అనుకునేవారున్నారు. విన్నవారికి అది అబద్ధమని తెలుసు. వారికి తెలుసన్న సంగతి అన్నవారికీ తెలుసు.

చట్టం ఈ గేటు దాకా రాలేదు. రాష్ట్రాలు అనుసరించడానికని కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసపు ఇంటికి అడ్వాన్సు రెండు నెలల బాడుగకు మించరాదంది. యజమాని లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలంది. గొడవ ఎంతున్నా నీళ్లు, కరెంటు ఆపకూడదంది. మన రాష్ట్రంలోనూ 1960 నాటి నియంత్రణ చట్టం స్థానంలో 2017లో కొత్త చట్టం తెచ్చారు. కులమడిగి, మతమడిగి ఇల్లు లేదనేవారి గురించి ఆ నమూనా చట్టంలో ఒక్క ముక్క లేదు. శవం సంగతి సరేసరి.

రాసి ఉన్నవైనా అమలవుతున్నాయా అంటే, మోటారు స్విచ్ ఎవరి ఇంట్లో ఉందో చూస్తే చాలు. చుట్టాలు నాలుగు రోజులు ఎక్కువ ఉంటే ట్యాంకు నిండదు. కరెంటు సంగతి మరీ విచిత్రం. 2022లో సవరించిన రేట్ల ప్రకారం ఇంటి మీటరుకు మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90, 75 వరకు రూ.3. అంటే 75 యూనిట్లు కాల్చిన చిన్న సంసారానికి, ఇతర చార్జీలు పక్కన పెడితే, రూ.192 అవుతుంది. సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు పది రూపాయలంటే అదే రూ.750. అన్ని పోర్షన్లూ ఒకే మీటరు మీద ఉంటే యజమాని పై శ్లాబులోకి పోతాడన్నదీ నిజమే. అందుకు పోర్షన్‌కొక మీటరు పెట్టించుకోవాలి గానీ, వేరే మార్గమే లేనట్టు వసూలు చేయడం ఏమిటి?

యజమానులందరూ కోటీశ్వరులు కారు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో మేడ మీద రెండు గదులు వేసి, ఆ బాడుగతో మందులు కొనుక్కునేవారున్నారు. ఆరు నెలలు ఎగ్గొట్టి రాత్రికి రాత్రి సామాను ఎత్తేసినవారి కథలూ మాకు ఉత్తరాలుగా వస్తుంటాయి. గడువు తీరినా కదలనివారి మీద నమూనా చట్టం మొదటి రెండు నెలలకు రెట్టింపు బాడుగ, ఆ తర్వాత నాలుగింతలు వేయమంది. అది న్యాయమే. బాకీకి చట్టం ఉంది, కోర్టు ఉంది. నీళ్లు కట్టేయడం బాకీ వసూలు కాదు.

ఏడాదికి మించకుంటే లీజు రిజిస్టరు చేయించనక్కర్లేదన్న లెక్కతో మనవాళ్లు పదకొండు నెలలకే స్టాంపు కాగితం రాసుకుంటారు. గోడకు మేకులు కొట్టరాదు, మిద్దె మీద వడియాలు ఎండబెట్టరాదు అని అందులో వరుసగా ఉంటుంది. యజమానులు ఈసారి కాగితం తిరగరాసేటప్పుడు ఇంకొక వాక్యం చేర్చాలని కోరుతున్నాం: ‘ఈ ఇంట నివసించేవారిలో ఎవరైనా కాలం చేస్తే, వారిని ఈ ఇంట్లోనే ఉంచి సాగనంపవచ్చు.’ సంతకం పెట్టేముందు బాడుగవారు కూడా ఆ వాక్యం ఉందా అని అడగవచ్చు. అడ్వాన్సు గురించి అడిగినంత మామూలుగా.