గాలి సోకిన పిల్లలు, బేతాళుడి హెచ్చరిక

టీనేజీ పిల్లల కోసం ఇంగ్లీషులో వస్తున్న కథల్లో ఒక రకం ఈమధ్య తరచుగా కనిపిస్తోంది. చిన్న ఊరు, ఊరి చివర అడవో చెరువో, అందులో మనిషి కాని ప్రాణి ఒకటి. దాన్ని ఎదిరించేది పోలీసులూ కాదు, చర్చి ఫాదరూ కాదు. బళ్లో ఎవరూ పక్కన కూర్చోబెట్టుకోని ముగ్గురు నలుగురు పిల్లలు. ఒకడికి తోటి అబ్బాయి మీద ఇష్టం. ఒకమ్మాయికి తన స్నేహితురాలి మీద. ఇంకొకరిని ఊరంతా అబ్బాయి అంటుంది, తను మాత్రం అమ్మాయినని తెలుసుకుంది. ఎవరు ఏం దాచుకున్నారో ఆ ప్రాణికి వాసన తెలుస్తుంది. దాన్నే పట్టుకుని పీక్కుతింటుంది. ఎవరి రహస్యం వాళ్లు నోరు తెరిచి చెప్పుకుంటే గానీ చావదు.

ఇవి చదివే పిల్లలు కర్నూల్లోనూ ఉన్నారు. ఫోన్లో చదువుతారు, అమ్మ గదిలోకి వస్తే స్క్రీన్ మారుస్తారు.

ఇలాంటి కథ తెలుగులో, అందులోనూ మన సీమ ఊళ్లలో పెట్టి రాయొచ్చా అని కొందరు మొహమాటంగా అడుగుతుంటారు. నన్నడిగితే, ఇది రాయాల్సిన వాళ్లం ముందు మనమే. అమెరికా రచయితకు ఆ ప్రాణి ఒక పోలిక మాత్రమే. మన దగ్గర ఆ పిల్లల మీదికి నిజంగానే దెయ్యాన్ని ఎక్కిస్తారు.

మన మాటలు చూడండి. నడక మెత్తగా ఉన్న అబ్బాయి 'ఆడంగి'. కాలేజీకొస్తే 'తేడా'. పెళ్లిచూపులకు కూర్చోనన్న అమ్మాయికి 'గాలి సోకింది'. ఒకమ్మాయి ఇంకో అమ్మాయి కోసం అన్నం మానేస్తే 'ఎవరో ఏదో పెట్టినారు'. మొదట దిష్టి తీస్తారు. తర్వాత తాయెత్తు. అదీ పనిచేయకపోతే అమావాస్యకు మంత్రగాడి దగ్గరికి ప్రయాణం. వేపమండలు, నిమ్మకాయలు, మిరపకాయల పొగ. వీపు మీద దెబ్బలు పడుతుంటే, అవి పిల్లవాడికి తగలవు, లోపలున్న దానికే తగులుతాయి అని తల్లికి నచ్చజెప్పేవాళ్లు పక్కనే నలుగురుంటారు.

అక్కడ జరిగే తంతులో నన్ను చిన్నప్పటి నుంచీ వెంటాడే ముక్క ఒకటుంది. మంత్రగాడు జుట్టు పట్టుకుని అడుగుతాడు: "ఎవరు నువ్వు? ఏ ఊరు? ఎందుకు వచ్చినావు?" ఆలోచిస్తే, ఆ పిల్లవాణ్ని నువ్వెవరని అడిగిన మొదటి మనిషి అతనే. ఇంట్లో ఎవరూ అడగలేదు, బళ్లో అడగలేదు. అడిగిన ఆ ఒక్కడికీ నిజమైన జవాబు అక్కర్లేదు. పిల్లవాడు తన పేరు చెబితే దెబ్బలు ఆగవు. బావిలో పడి చచ్చిన ఎవరి పేరో చెబితే ఆగుతాయి. రెండు అమావాస్యలు గడిచేసరికి ఏ పిల్లవాడైనా ఆ పేరు చెప్పడం నేర్చుకుంటాడు. దెయ్యం వదిలిందంటారు. పిల్లవాడు మాత్రం తన నోటితో తాను కానివాణ్ని ఒప్పుకుని ఇంటికొస్తాడు.

ఇంతకన్నా భయపెట్టే కథ ఏ పరాయి దేశపు రచయిత కల్పించగలడు? మనం దీన్ని కథగా ఎందుకు చూడలేదంటే, అలవాటైపోయింది కాబట్టి.

చట్టం సంగతి చాలామందికి తెలిసిందే. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు, ఇద్దరు మగవాళ్లయినా ఇద్దరు ఆడవాళ్లయినా, మేజర్ల ఇష్టపూర్వక సంబంధం 377 సెక్షన్ కింద నేరం కాదంది. నేను చెప్పదలుచుకున్నది ఆ తర్వాతి ముక్క. ఒకరినొకరు ఇష్టపడి, ఇంట్లోవాళ్ల ఒత్తిడి తట్టుకోలేక చెన్నై చేరిన ఇద్దరు యువతుల కేసులో 2021లో మద్రాసు హైకోర్టు ఉత్తర్వులిచ్చింది. జడ్జి ఎన్. ఆనంద్ వెంకటేశ్ ఈ విషయం తనకే సరిగా తెలియదని ఒప్పుకుని, ముందు తానే ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని పాఠం చెప్పించుకున్నారు. అలా చేసిన పెద్దమనిషిని మన చుట్టాల్లో ఒక్కరిని చూపించండి! ఆ కేసు ఫలితంగానే 2022లో జాతీయ వైద్య కమిషన్, ఇలాంటి వాళ్లను 'మారుస్తాం' అంటూ చేసే చికిత్స వృత్తిపరమైన తప్పు అని తేల్చింది.

బాగుంది. ఆ కట్టడి డాక్టరుకు. మంత్రగాడికి ఏ మెడికల్ కౌన్సిల్ ఉంది? లైసెన్సే లేనివాడి లైసెన్సు ఎవరు రద్దు చేస్తారు? మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో దురాచారాల మీద చట్టాలు చేశాయి. దెయ్యం వదిలించే పేరుతో కొట్టడం, కట్టేయడం అక్కడ నేరం. ఆలూరు నుంచి బళ్లారి బస్సెక్కితే ఆ చట్టం ఉన్న నేల మీద దిగుతాం. మన వైపు హేతువాదులు అలాంటి చట్టం కోసం అడుగుతూనే ఉన్నారు.

సరే, కథల దగ్గరికి వద్దాం. మనకు తగిన ప్రాణిని బయటి నుంచి తెచ్చుకోవాల్సిన పనే లేదు. బేతాళుడున్నాడు.

చందమామ చదివిన తరానికి వివరం అక్కర్లేదు. రాజు భుజాన శవం, శవంలో బేతాళుడు. దారిపొడుగునా కథ చెప్పి చివర ప్రశ్న వేస్తాడు. రాజు నోరు విప్పితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. జవాబు తెలిసీ నోరు విప్పకపోతే తల పగులుతుంది. చిన్నప్పుడు దీన్ని తెలివితేటల పరీక్ష అనుకున్నాం. ఇప్పుడు చదివితే, ఇంటర్ చదివే ఒక అబ్బాయి రోజూ హాస్టల్ నుంచి కాలేజీకి నడిచే దారి ఇదే అనిపిస్తుంది. చెప్పాడా, ఇల్లు పోతుంది, ఫీజు ఆగుతుంది, చేతిలో ఫోను పోతుంది. చెప్పలేదా, తల పగులుతుంది. టెన్షన్ ఎక్కువైంది, చదువు ఒత్తిడి, రాత్రి త్వరగా పడుకోమని చెప్పి డాక్టరు మాత్రలు రాస్తాడు.

మనం మరిచిపోయేది ఆ కథల చివర. అసలు రాజును శ్మశానానికి పంపింది ఎవరు? రోజూ సభకొచ్చి, లోపల రత్నం దాచిన పండు చేతిలో పెట్టి, వినయంగా వెళ్లిపోయే ఒక భిక్షువు. శవాన్ని తెమ్మన్నదీ అతనే. చివరి ప్రశ్నకు రాజుకు నిజంగానే జవాబు తెలియదు, మౌనంగా నడుస్తాడు. అప్పుడు బేతాళుడు మెచ్చి అసలు విషయం చెబుతాడు: నిన్ను పంపినవాడు నిన్నే బలి ఇవ్వబోతున్నాడు, సాష్టాంగపడమంటాడు, ఎలా పడాలో నువ్వే చూపించమను. రాజు అలాగే చేసి బతికి బయటపడతాడు.

అన్ని రాత్రులు భయపెట్టిన ప్రాణి చివరికి ప్రాణం కాపాడింది. చంపబోయినవాడు పండు తెచ్చిచ్చిన పెద్దమనిషి. పదకొండో శతాబ్దంలో కశ్మీరులో సోమదేవుడు సంస్కృతంలో చెప్పిన కథ, తెలుగు పిల్లలు తరతరాలుగా చదువుకున్న కథ, ఇంత ఆయుధాన్ని చేతిలో పెట్టుకుని మనం ఇంకా తెల్లచీర దెయ్యాలతో కాలక్షేపం చేస్తున్నాం.

నాకు కావాల్సిన కథలో బేతాళుడు ఆదోని పత్తి మార్కెట్ వెనక చింతచెట్టుకు వేలాడుతుంటాడు. (మా వైపు దెయ్యాలకు చింతచెట్టే చిరునామా.) ట్యూషన్ నుంచి వచ్చే ముగ్గురు పిల్లలను రోజుకొకరిని ఆపుతాడు. మంత్రగాడిలాగా 'ఎవరు నువ్వు' అనే అడుగుతాడు. కాకపోతే ఇతనికి అబద్ధం చెబితే తెలిసిపోతుంది. మొదటి వారం ముగ్గురూ అబద్ధాలే చెబుతారు. ఊళ్లో పెద్దలు ముగ్గురికీ గాలి సోకిందని తేల్చి, అమావాస్యకు మనిషిని మాట్లాడతారు. ఆ మనిషి గురించి పిల్లలకు చెప్పేది బేతాళుడే. ఆ తర్వాత ఏమవుతుందో రాసేవాళ్లు రాసుకోవచ్చు. నేను కథకుణ్ని కాను, ఓర్చుకోలేని పాఠకుణ్ని.

దీనికి అభ్యంతరాలున్నాయి. లేత వయసు పిల్లలకు లేనిపోనివి నేర్పుతున్నారు అంటారు పెద్దలు. కథలు నేర్పేటట్టయితే, పుట్టినప్పటి నుంచి హీరో హీరోయిన్ల డ్యూయెట్లు తప్ప మరొకటి చూడకుండా పెరిగిన ఈ పిల్లలకు ఆ పాఠం ఎందుకు ఎక్కలేదు? ఇంకో వైపు నుంచి హేతువాద మిత్రులు, దెయ్యాల కథలతో మూఢనమ్మకాలు పెరుగుతాయంటారు. వాళ్ల పని మీద నాకు గౌరవం ఉంది. అయినా బేతాళ కథలు చదివి శ్మశానానికి పోయినవాణ్ని నేనింతవరకు చూడలేదు. మంత్రగాణ్ని విలన్‌గా చూపించే కథ, వాళ్లు పంచే కరపత్రం కన్నా పదహారేళ్ల పిల్లకు ముందు చేరుతుంది.

ఇదంతా మన నేలకు పరాయి సరుకు అనేవాళ్లను హోళీకి ఆదోని దగ్గరి సంతెకుడ్లూరు తీసుకుపోవాలి. ఆ ఊళ్లో మగవాళ్లు చీర కట్టుకుని, నగలు పెట్టుకుని, పూలు ముడుచుకుని రతీమన్మథుల గుడికి పోయి మొక్కు తీర్చుకుంటారు. చదువుకున్నవాళ్లు, ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు కూడా. ఎవరూ నవ్వరు. అది ఆచారం, మొక్కు, మర్యాద. ఆ చీరలో ఉన్న మగవాళ్లంతా క్వియర్ (అంటే మొదట చెప్పిన ఆ కథల్లోని పిల్లల్లాంటివాళ్లు) అని నేననడం లేదు, అలా అంటే తప్పు. నేనంటున్నది ఒక్కటే. చీర కట్టిన మగవాణ్ని చూసి బెదరకుండా ఉండటం మన జిల్లాకు తెలుసు. ఏడాదికి రెండు రోజులు తెలుసు. మిగతా రోజుల్లో అద్దం ముందు అక్క ఓణీ వేసుకున్న పిల్లవాడు కనబడితే ఆ తెలివి ఎక్కడికి పోతుంది?

అదే ఆదోని వైపున హొళగుంద మండలంలో దేవరగట్టు. విజయదశమి రాత్రి మాళ మల్లేశ్వర స్వామి విగ్రహాల కోసం ఊళ్లకు ఊళ్లు కర్రలతో తలపడతాయి. మణి, మల్లాసురులనే రాక్షసులను స్వామి చంపిన కథ దాని వెనకుంది. పోలీసులు వద్దంటారు, కెమెరాలు పెడతారు, అయినా తలలు పగులుతాయి. పసుపు చల్లుకుని తెల్లారేదాకా తిరుగుతారు. మీడియా అంతా దేవరగట్టుకే వస్తుంది. సంతెకుడ్లూరు గురించి వింత వార్తగా ఒక నిమిషం. ఒకే వైపున ఉన్న ఈ రెండు ఊళ్లలో మన జిల్లా ఏదని లోకం అనుకుంటుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇక్కడ నా పాత బాధ ఒకటి చెప్పుకోక తప్పదు. సీమను లోకం చూసే కళ్లు సినిమావాళ్లవి. 1999 తర్వాత వరసపెట్టి వచ్చిన ఫ్యాక్షన్ సినిమాల పుణ్యమా అని మనకు తెల్లచొక్కా, సుమో, నాటుబాంబు, మెలేసిన మీసం అంటగట్టారు. మన కథకులు కరువును రాశారు, ఎండిన బావులు, వలసపోయిన కుటుంబాలు, వేరుశనగ అప్పులు రాశారు. గొప్పగా రాశారు. తెర మీద మాత్రం మీసమే మిగిలింది. ఆ మీసం రాయలసీమ మగపిల్లల మీద చేసిన దెబ్బ ఎవరూ లెక్కేయలేదు. హైదరాబాద్ హాస్టల్లో 'కర్నూలా, అయితే బాంబులు తెచ్చావా' అని అడిగించుకున్న ప్రతివాడికీ ఒక వేషం సిద్ధంగా ఉంటుంది. గొంతు పెంచాలి, తొడ కొట్టాలి. ఆ వేషం కుదరనివాడు ఊళ్లో ఆడంగి, బయట నకిలీ సీమవాడు. సౌమ్యంగా మాట్లాడే ఆదోని అబ్బాయి తన్ను తాను చూసుకోవడానికి తెలుగులో ఒక్క అద్దం లేదు. క్వియర్ పిల్లల సంగతి పక్కన పెట్టండి, ఏడుపొస్తే ఏడ్చే మామూలు మగపిల్లవాడికే లేదు.

దెయ్యాల సినిమాల్లో మాత్రం ఒక్కసారి అద్దం దొరికింది. రాఘవ లారెన్స్ తీసిన 'కాంచన' 2011లో వచ్చినప్పుడు, కన్నవాళ్లు గెంటేసిన ట్రాన్స్ మహిళ కథకు మన థియేటర్లలో జనం చప్పట్లు కొట్టారు. ఆమె చచ్చి, దెయ్యమై, హీరో ఒంట్లోకి వచ్చాక కొట్టారు. బతికుండగా ఆమె బస్టాండులో చెయ్యి చాపితే అదే జనం కిటికీ అద్దం మూశారు. చచ్చాకే గౌరవం అనే ఆ లెక్కను తిరగరాయాలి. నేనడిగే కథలో పిల్లలు దెయ్యాలు కాకూడదు. బతికే ఉండాలి, పదో తరగతి పాసవ్వాలి, సీక్వెల్‌కు రావాలి.

తొంభైలలో మా ఊళ్లోనూ తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాశారు. కన్నడ దేశంలో 'నాళె బా' అని రాస్తున్నారని బళ్లారి నుంచి వచ్చిన లారీవాళ్లు చెప్పారు. రాత్రి ఒకామె వచ్చి మనవాళ్ల గొంతుతోనే పిలుస్తుందట. పలికితే పోయినట్టే. తలుపు మీద అది చదువుకుని, రేపు వద్దామని మళ్లిపోతుందట, రోజూ. మా వీధిలో పెద్దలకు చదువు లేదు, రాసే పని నాకు పడింది. బడి నుంచి సుద్దముక్కలు తెచ్చి ఇంటింటికీ రాసుకుంటూ పోయాను. నా పక్క బెంచీవాడి ఇల్లు చివరిది. అంతకు నెల ముందే వాడికి గాలి సోకిందని అమావాస్యకు తీసుకుపోయి వచ్చారు. ఎందుకో నాకు తెలుసు, వాడు నాకొక్కడికే చెప్పాడు. నేను సుద్ద తీయగానే వాడు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"మా ఇంటికి వద్దులేరా. పాపం, ఎన్ని ఇండ్లు తిరుగుతాదో. రానీ."

లోపలి నుంచి వాళ్ల నాయన వచ్చాడు. వాణ్ని భుజం పట్టి పక్కకు లాగి, నన్ను రాయమన్నాడు. అక్షరాలు పెద్దవిగా, తప్పుల్లేకుండా రాశాను.