ఫోటోతో కుటుంబం వరకే
ఫోటో స్పష్టంగా ఉంటే చాలు, పరాన్నజీవి కందిరీగను (వేరే పురుగుల మీదో లోపలో గుడ్లు పెడుతుంది, పిల్లలు ఆ పురుగును తిని పెరుగుతాయి) జాతి పేరుతో సహా చెప్పేయొచ్చని నేను చదివిన ఒక వ్యాసంలో అన్నారు. కుటుంబం వరకైతే ఒప్పుకుంటా, అదీ రెక్కలు సరిగ్గా కనిపిస్తేనే. ఆపైన కష్టం. ఈ కందిరీగల్లో ఇక్న్యూమోనిడే, బ్రాకోనిడే అనే రెండు కుటుంబాలూ పొడుగు మీసాలతో చూడ్డానికి ఒకేలా ఉంటాయి. తేడా అంతా ముందు రెక్క ఈనెల్లోనే. రెక్క మధ్య నుంచి వెనక అంచు వైపు దిగే అడ్డ ఈనెలు ఇక్న్యూమోనిడేకి మామూలుగా రెండు, బ్రాకోనిడేకి ఒకటే (మినహాయింపులు లేకపోలేదు). జనం తీసే ఫోటోల్లో ఎక్కువ భాగం పైనుంచి తీసినవే. రెక్కలు ఒకదాని మీద ఒకటి ముడుచుకుని ఉంటే ఆ రెండో ఈనె ఉందో లేదో ఎవరు చెప్పగలరు? ఇక వేరే పురుగుల గుడ్లలో పెరిగే ట్రైకోగ్రామా అనే బుల్లి కందిరీగ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒళ్లంతా కలిపి 1 మిల్లీమీటరు కూడా ఉండదు, జాతి తేల్చాలంటే మామూలుగా మగపురుగు జననాంగాన్ని స్లైడు మీద పెట్టి మైక్రోస్కోపులో చూడాలి. నేనైతే ఫోటో కంటే ముందు ఆ పురుగు దేంట్లోంచి బయటికొచ్చిందో అడుగుతా. గొంగళిపురుగు మీద బియ్యపు గింజల్లాంటి తెల్లటి గూళ్లు గుంపుగా ఉంటే కొటీసియా లాంటి బ్రాకోనిడ్ (బ్రాకోనిడే కుటుంబపు కందిరీగ) అనుకోవచ్చు. అక్కడా చిక్కే! ఆ గూట్లోంచి ఆకుపచ్చగా మెరిసే పురుగు వచ్చిందంటే అది కొటీసియా కాదు, దాన్నే తిని పెరిగిన ఇంకో పరాన్నజీవి. అందుకే ఖాళీ గూటిని కూడా ఫోటో తీయమంటా. గూటి కొసన గుండ్రంగా మూత కోసినట్టుంటే వచ్చింది చాలావరకు కొటీసియానే, పక్కన ఎగుడుదిగుడుగా కొరికిన కన్నం ఉంటే రెండో రకాన్ని అనుమానించాలి. ఇలాంటివేవీ అడక్కుండా ఒక్క ఫోటోకే జాతి పేరు చెప్పే యాప్‌లను నేను నమ్మను.