లెక్కలకు జోడీ ఏది?

మన ఆంధ్రప్రదేశ్‌లో బీఎస్సీ అంటే చాలాకాలం మూడు సబ్జెక్టుల మూట. ఎంపీసీ (గణితం, భౌతికం, రసాయనం), ఎంపీసీఎస్ (గణితం, భౌతికం, కంప్యూటర్ సైన్స్) అంటూ మూటకో పేరు ఉండేది. 2023-24లో ఒక మేజర్ (ప్రధాన సబ్జెక్టు), ఒక మైనర్ (తోడు సబ్జెక్టు) పద్ధతి వచ్చాక ఆ ముడి విడిపోయింది. అయినా విజయవాడలో గణితం తీసుకున్న విద్యార్థిని మైనర్ ఏమిటని అడిగితే, ప్రశ్న పూర్తికాకముందే ‘కంప్యూటర్స్’ అనే జవాబు వస్తుంది. లెక్కలు కూడు పెట్టకపోతే అదైనా ఆదుకుంటుందని ఇంట్లోవాళ్ల ధీమా.

కంప్యూటర్ల మీద నాకు కోపం లేదు. అల్గారిదమ్‌ల విశ్లేషణ, గ్రాఫ్ సిద్ధాంతం దాకా తీసుకెళితే గణితానికి అంతకన్నా మంచి తోడు అరుదు. పైథాన్ ప్రోగ్రామింగ్ ఓనమాల దగ్గరే ఆగిపోయే మైనర్‌కు మాత్రం సెమిస్టర్లు ధారపోయడం దండగ. ఆ ఓనమాలు ఒక వేసవిలో వస్తాయి.

నా ఓటు స్టాటిస్టిక్స్‌కు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. వందేళ్లకోసారి వచ్చే వరద అంటే, ఒకసారి వచ్చిపోయాక మరో వందేళ్లు నిశ్చింత అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఏ ఏడాదైనా అది వచ్చే అవకాశం నూటికి ఒకటి అని అర్థం. ఏటి ఒడ్డున ఇల్లు కొన్నవారు 30 ఏళ్ల అప్పు తీర్చేలోగా దాన్ని కనీసం ఒక్కసారి చూసే అవకాశం ఎంత? 0.99ను 30 సార్లు హెచ్చవేసి ఒకటిలోంచి తీసేస్తే దాదాపు 26 శాతం. ఇంతవరకు ఇంటర్ లెక్కే. ఆ ‘నూటికి ఒకటి’ ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అసలు చిక్కు. కొన్ని దశాబ్దాల కొలతలు చేతపట్టుకుని, ఎన్నడూ చూడని ప్రవాహాన్ని అంచనా కట్టాలి. రియల్ అనాలిసిస్ తరగతిలో విసుక్కుంటూ నేర్చిన అవధులు అక్కడ అక్కరకొస్తాయి. రెండో సబ్జెక్టు మనల్ని మొదటిదాని దగ్గరికి తిప్పి పంపుతోందా లేదా అన్నదే నా కొలబద్ద.

నూజివీడు, నందిగామ బడుల్లోనూ చదివిన ప్రఖ్యాత స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ చేశాకే స్టాటిస్టిక్స్‌లో అడుగుపెట్టారు. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, అది దొరక్క అటు మళ్లారు. 1943లో అందులో మరో ఎంఏ, 1945లో ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు గీసే క్రామర్-రావు అసమానత. దాని నిరూపణకు ఆయువుపట్టు కోషీ-ష్వార్జ్ అసమానత. మన డిగ్రీ లీనియర్ ఆల్జీబ్రాలో ఉండేదే!

అర్థశాస్త్రమూ తీసిపారేయదగ్గది కాదు. గుంటూరు యార్డులో మిర్చి ధర పలికితే మరుసటి ఏడు సాగు పెరుగుతుంది, సరుకు ముంచెత్తి ధర పడిపోతుంది. ఈ ఊగిసలాటను చిన్న సమీకరణంగా రాయవచ్చు. ఏటేటా అది సద్దుమణుగుతుందో ముదురుతుందో ఒక్క గుణకం తేలుస్తుంది.

రెండో మేజర్ సంగతి వేరు. ఎమ్మెస్సీ గణితం వైపు చూసేవారికి ఐఐటీల జామ్ ప్రవేశ పరీక్ష అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, గ్రూపుల సిద్ధాంతం అడుగుతుంది. రెండో మేజర్ కోసం వాటిలో ఒక్కటి వదులుకోవలసి వస్తే మైనర్‌తోనే సరిపెట్టుకోవడం మేలు. మరో మాట: మైనర్ గడి నింపేముందు ఆ సబ్జెక్టుకు కళాశాలలో పూర్తికాలపు అధ్యాపకుడు ఉన్నాడో లేదో కనుక్కోండి. సిలబస్ కాగితం ఆ సంగతి చెప్పదు.